క్యాసెట్టు అట్ట మీది పేరు

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



నేను 1984లో ఇక్కడ పదో తరగతి పాసయ్యాను. ఆ తర్వాత ఇంటరు, ఇంజినీరింగు, బెంగుళూరులో ఉద్యోగం. చిత్తూరు జిల్లా పిల్లకాయల్లో సగం మంది కథ ఇదే కాబట్టి దాన్ని వదిలేస్తాను.

కార్యదర్శిగారు నాకు పదిహేను నిమిషాలిచ్చి ఒకే ఒక్క సంగతి మాట్లాడమన్నారు. మన బడి పాత రికార్డింగులను పోయిన ఏడాది పెన్‌డ్రైవుల్లో అందరికీ పంచాం. వాటిలో పాడినవాళ్ళ పేర్లు మారిపోయి వచ్చాయి. ఎవరు మార్చారని గ్రూపులో రెండు నెలలు రచ్చ జరిగింది. ఒకరి మీద ఒకరు వేలెత్తి చూపుకున్నారు కూడా. మనుషులెవరూ మార్చలేదండీ. కంప్యూటర్లో పాటలు వినిపించే ఒక ప్లేయరు మార్చింది. దాని పేరు చెప్పను. ఇలాంటి పని చేసేవి ఒకటీ రెండూ కాదు. ఎలా మార్చిందో మాత్రం విడమరిచి చెబుతాను. మీ ఇళ్ళలో అమ్మానాన్నల గొంతులున్న క్యాసెట్లు ఉంటే, వాటికీ ఇదే జరగవచ్చు.

చిన్నవాళ్ళ కోసం ముందు కొంచెం పాత సంగతి. 1979 నుంచి దాదాపు పన్నెండేళ్ళు మన సంగీతం అయ్యవారు బడిలో జరిగిన ప్రతి కార్యక్రమాన్నీ టేపులో పట్టారు. వార్షికోత్సవం ప్రార్థనలు, ఆడపిల్లలు పాడిన అన్నమయ్య కీర్తనలు, తెలుగు అయ్యవారు రాగం తీసి చదివిన పద్యాలు, ఊళ్ళో భారతం జరిగినప్పుడు పగటిపూట చెప్పిన హరికథ, రాత్రి ఆడిన వీధినాటకం ముక్కలు. అన్నీ కలిపి 38 క్యాసెట్లు. ప్రతి క్యాసెట్టు అట్ట మీదా ఆకుపచ్చ సిరాతో, బియ్యపు గింజలంత అక్షరాలతో ఆయన వివరాలు రాసేవారు. పాట, పాడినవారు, తరగతి, తేదీ. అన్నమయ్య కీర్తన అయితే ఇంకో రెండు మాటలు ఉండేవి. ‘రేకు రాగం’ ఒకటి, ‘పాడిన రాగం’ ఇంకొకటి.

ఆ రెండు మాటలెందుకో తిరుపతి వాళ్ళకు చెప్పాల్సిన పనిలేదు గానీ, బయట చదువుకున్న మన పిల్లలూ ఈ సంచిక చదువుతారు కాబట్టి చెబుతాను. తాళ్ళపాక వారి కీర్తనలు చెక్కిన రాగిరేకులు తిరుమల గుడిలో తాళ్ళపాక అర అనే చిన్న గదిలో ఉండేవి. సాధు సుబ్రహ్మణ్యశాస్త్రి, వేటూరి ప్రభాకరశాస్త్రి, రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ వంటి పెద్దలు వాటిని చదివి, సరిచూసి అచ్చులోకి తెచ్చారు. మొదటి రేకు మీదే వివరాలు మొదలవుతాయి. అన్నమాచార్యులకు పదహారో ఏట, శక సంవత్సరం 1346లో స్వామి సాక్షాత్కారమైందనీ, అప్పటి నుంచి శక 1424 ఫాల్గుణ బహుళ ద్వాదశి దాకా ఆయన సంకీర్తనలు చెప్పారనీ అందులో ఉంది. ఇప్పటి లెక్కలో 1424 నుంచి 1503 వరకు. 1424 అనే అంకె రెండు లెక్కల్లోనూ వస్తుంది చూడండి, ఒకదాంట్లో మొదలు, ఇంకోదాంట్లో చివర. కంప్యూటరు చేతికి ఉత్త 1424 ఇస్తే ఏది అనుకుంటుందో మీరే ఊహించుకోండి.

ఆ రేకుల మీద ప్రతి పాటకూ రాగం పేరు చెక్కారు. పాటలను అధ్యాత్మం, శృంగారం అని రెండుగా విడదీశారు. రేకులకు సంఖ్యలున్నాయి. దేవస్థానం వారి సంపుటాల్లో ఈనాటికీ ఆ సంఖ్యలతోనే పాటను వెతుక్కుంటాం. అంటే కర్త ఎవరు, రాగం ఏది, పాట ఏ జాతి, వరుసలో ఎన్నోది అన్న నాలుగు వివరాలూ పాటతోపాటు అదే రాగి మీద ఉన్నాయి. లేనిది స్వరం. పాడే పద్ధతి చాలావరకు మరుగున పడిపోయింది. అందుకే రాళ్ళపల్లి వారు, నేదునూరి కృష్ణమూర్తిగారు, 1978లో దేవస్థానం అన్నమాచార్య ప్రాజెక్టు పెట్టిన తర్వాత గరిమెళ్ళ బాలకృష్ణప్రసాద్‌గారు, ఇంకా ఎందరో కొత్తగా వరుసలు కట్టారు. ‘నానాటి బదుకు’ అనగానే మన చెవుల్లో మోగేది నేదునూరి వారు రేవతి రాగంలో కట్టిన వరుస. రేకు మీది రాగమే వాడాలన్న నియమం వరుస కట్టేవాళ్ళకు లేదు. కాబట్టి ఒక కీర్తనకు రేకు మీద ఒక రాగం, కచేరీలో ఇంకో రాగం ఉండవచ్చు. మన అయ్యవారు రెండూ రాసేవారు. వరుస ఎవరిదో కూడా రాసేవారు. ఒకటి రాసి ఇంకొకటి వదిలేస్తే అబద్ధం చెప్పినట్టే అవుతుందని ఆయన పట్టుదల.

ఇక మన కాలం చీటీల దగ్గరికి వస్తాను.

ఎమ్పీ3 ఫైలు అంటే కొంత పాట, దానికి అంటించిన ఒక చీటీ. ఆ చీటీనే ట్యాగ్ అంటారు. ఫోన్లో పాట మోగేటప్పుడు పైన కనిపించే పేరు, బొమ్మ అన్నీ అందులోంచి వచ్చేవే. 1996లో ఎరిక్ కెంప్ అనే ఆయన ఈ చీటీకి మొదటి కొలత పెట్టాడు. ఫైలు చివర సరిగ్గా 128 బైట్లు. ఇది చీటీ అని చెప్పడానికి మూడు, పాట పేరుకు 30, పాడినవారికి 30, ఆల్బమ్‌కు 30, సంవత్సరానికి 4, వ్యాఖ్యకు 30, పాట రకానికి ఒకే ఒక్క బైటు. ఆ రకాల పట్టికలో మొదట 80 ఉండేవి. పోల్కా ఉంది, క్రిస్టియన్ ర్యాప్ ఉంది, ఆకతాయి పనులకు కూడా ప్రాంక్స్ అని ఒక అంకె ఉంది. కర్ణాటక సంగీతం లేదు. హరికథ ఊసే లేదు.

ఆ పాత చీటీలో తెలుగు రాయడానికి వీల్లేదు, అది ఐరోపా అక్షరాల కోసం చేసింది. వీలుందనే అనుకుందాం. ఇప్పుడు వాడుకలో ఉన్న యూటీఎఫ్-8 పద్ధతిలో మన లిపిలో ఒక్కో గుర్తుకు మూడు బైట్లు పడతాయి. గుణింతం ఒక గుర్తు, పొల్లు ఒక గుర్తు, సున్న ఒక గుర్తు. ‘వేంకటేశ్వర’ అన్న ఒక్క మాటకు పది గుర్తులు, అంటే 30 బైట్లు. మన ఊరి వాళ్ళకు పాట పేరు అక్కడికే నిండిపోతుంది!

1998లో రెండో తరం చీటీ వచ్చింది. ఇది ఫైలు మొదట్లో ఉంటుంది, ఎంతైనా పెరుగుతుంది, యూనికోడ్ కాబట్టి తెలుగూ పడుతుంది. రచయిత, స్వరకర్త, భాష, బొమ్మ, వ్యాఖ్య అని చాలా గళ్ళున్నాయి. అయినా రాగానికి గడి లేదు. రేకు రాగానికి అసలే లేదు. అందుకని మన సంఘం వాళ్ళు క్యాసెట్లను కంప్యూటర్లోకి ఎక్కించినప్పుడు అట్ట మీద ఉన్న మిగతా వివరాలన్నీ వ్యాఖ్య గడిలో తెలుగులోనే ఎక్కించారు. నలుగురు కుర్రవాళ్ళు ఆరు నెలలు సెలవు రోజులన్నీ దీనికే ఖర్చు పెట్టారు. ఇందులో నేను వేలు కూడా పెట్టలేదు, కాబట్టి ధైర్యంగా పొగుడుతున్నాను. మొత్తం నాలుగొందల పైచిలుకు ముక్కలు. ఒక్కదానికీ పేరు తప్పు పోలేదు.

ఇదంతా ఒక హార్డ్‌డిస్కులో ఉంది. పెన్‌డ్రైవులకు నకళ్ళు తీసే ముందు, అన్నీ సరిగ్గా మోగుతున్నాయో లేదో చూద్దామని మన తమ్ముడొకడు ఆ డిస్కును తన ల్యాప్‌టాప్‌కు తగిలించి ప్లేయరు తెరిచాడు. ‘పాటలు ఇంపోర్ట్ చేయాలా?’ అని అడిగింది. సరే అన్నాడు. ఎవరైనా అదే అంటారు. మనకు ఇంపోర్ట్ అంటే బీరువాలో పుస్తకం సర్దినట్టు. పుస్తకం లోపల ఎవరూ రాయరు కదా. కానీ చాలా ప్లేయర్లకు ఆ మాటలో మూడు పనులు కలిసి ఉంటాయి. ఫైళ్ళను తన జాబితాలో చేర్చుకోవడం ఒకటి. ఇంటర్నెట్‌లోని పట్టికతో పోల్చి పేర్లు తెచ్చుకోవడం రెండోది. తెచ్చుకున్న పేర్లను తిరిగి మన ఫైళ్ళలోనే రాసేయడం మూడోది. మొదటి రెండింటితో ఎవరికీ నష్టం లేదు. మూడోదానికి మాత్రం విడిగా అనుమతి అడగాలి. ముప్పై ఏళ్ళు సాఫ్ట్‌వేర్ చేసినవాడిగా నా అభిప్రాయం ఇది. చదవడానికి ఇచ్చిన అనుమతి రాయడానికి చెల్లదు. బ్యాంకులో పాస్‌బుక్కు చూపించమంటే గుమాస్తా నా పేరు దిద్దేసి ఇచ్చాడంటే ఊరుకుంటానా?

ఆ పట్టికలు ఎలా పుట్టాయో కూడా చెప్పాలి, లేకపోతే వాటిని చేసినవాళ్ళకు అన్యాయం చేసినవాణ్ణవుతాను. మామూలు ఆడియో సీడీలో పాటల పేర్లు ఉండేవి కావు. పాటలు ఎక్కడెక్కడ మొదలవుతాయో మాత్రం ఉండేది. 1990లలో సీడీడీబీ అని ఒక పట్టిక మొదలైంది. పాటలు మొదలయ్యే సమయాలను బట్టి సీడీకి ఒక గుర్తింపు సంఖ్య కట్టి, దానికి పేర్లు జతచేసేవారు. పేర్లు టైపు చేసింది ప్రపంచం నలుమూలలా ఉన్న మామూలు శ్రోతలే. అమెరికాలో ఉన్న మనవాళ్ళూ తెలుగు సీడీల పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లో ఓపికగా కొట్టారు. ఒకే కీర్తన పది రకాల స్పెల్లింగులతో కనిపించడం అక్కడి నుంచి వచ్చిందే. కొన్న సీడీకి ఇది వరం. అంగడిలో మెమరీకార్డులో పాటలు ఎక్కించుకున్నప్పుడు ‘ట్రాక్ 1, ట్రాక్ 2’ అని వచ్చేవి గుర్తున్నాయా? ఆ బాధ తప్పించింది ఇవే. చిక్కు ఎక్కడంటే, ప్రపంచంలో ఉన్న ప్రతి పాటా ఎక్కడో ఒక ఆల్బమ్‌గా అమ్ముడుపోయి ఉంటుందని ఆ పద్ధతి అనుకుంటుంది. మన బడి వార్షికోత్సవాన్ని ఎవరు అమ్మారు?

మన విషయంలో ఏం జరిగిందో మారిన ఫైళ్ళను చూస్తే తెలిసిపోయింది. ‘అన్నమయ్య కీర్తనలు’ అనే ఫోల్డరులో మనవి పన్నెండు ఉన్నాయి. అదే పేరుతో పన్నెండు పాటల ఆల్బమ్ ఒకటి ఆ పట్టికలో ఉంది. ఫోల్డరును ఆల్బమ్ అనుకుంది ప్లేయరు. మన మొదటి పాటకు ఆ ఆల్బమ్ మొదటి పాట పేరు, రెండోదానికి రెండోది, అలా వరుసగా అంటించుకుంటూ పోయింది. లోపల మోగేది ఏ కీర్తనో దానికి పట్టలేదు. పాడినవారి గడిలో పేరున్న ఒక గాయకుడు వచ్చాడు. సంవత్సరం 1986 పోయి 2003 అయింది. రంగుల అట్టబొమ్మ ఒకటి వచ్చి కూర్చుంది. భారతం హరికథకు ‘వివిధ కళాకారులు’ అని పెట్టి సౌండ్‌ట్రాక్ కింద చేర్చింది. పాపం, ఆ భాగవతారు ఒక్కడే మూడు గంటలు చెప్పిన కథ అది. చివరగా ఫైళ్ళ పేర్లు కూడా కొత్త చీటీ ప్రకారం మార్చేసింది. ‘17-ఎ-03’ అని మనం పెట్టుకున్న క్యాసెట్టు సంఖ్యలు అలా పోయాయి.

వ్యాఖ్య గడి గతి ఇంకా ఘోరం. కొన్నిటిలో పూర్తిగా తుడిచిపెట్టుకుపోయింది. కొన్నిటిలో వరుసగా ప్రశ్నార్థకాలు. ఎందుకంటే, కొత్త చీటీతోపాటు పాతకాలపు అక్షరాల పద్ధతిలో కూడా రాసే అలవాటు కొన్ని సాఫ్ట్‌వేర్లకు ఇంకా పోలేదు. రష్యనుకూ గ్రీకుకూ విండోస్‌లో పాతరకం కోడ్ పేజీలు ఉండేవి. తెలుగుకు అలాంటిది లేదు, మనది నేరుగా యూనికోడ్‌తోనే మొదలు. కాబట్టి పాత పద్ధతిలోకి దించితే ప్రతి గుర్తూ ఒక ప్రశ్నార్థకం అవుతుంది. రేకు రాగం, పాడిన రాగం, వరుస ఎవరిది, ఏ తరగతి పాప పాడింది, అన్నీ ప్రశ్నలే మిగిలాయి.

ఇవన్నీ గ్రూపులో ‘పేర్లు తప్పు’ అన్న రెండు మాటలుగానే తిరిగాయి. నాకు మాత్రం అయ్యవారి కూతురు ఫోన్ చేసింది. మనకు జూనియరే, తిరుపతిలో ఉంటుంది. అయ్యవారి సంవత్సరీకం నాడు ఆయన పాడిన కీర్తన ఒకటి ఇంట్లో వినిపించారట. వచ్చిన చుట్టాలు టీవీ తెరమీద పేరు చూసి, ‘ఫలానా ఆయన పాటా? బాగుంది’ అన్నారట. ఆమె నన్ను అడిగింది ఇదీ: “అన్నా, ఇది మా నాయన గొంతే కదా?” పద్దెనిమిదేళ్ళు పక్క గదిలో విన్న గొంతు. తెరమీద ఇంకో పేరు కనబడేసరికి ఆ పిల్లకు కూడా తన చెవుల మీద అనుమానం వచ్చింది. “నాయనదే మ్మా” అన్నాను. అని ఊరుకుంటే ఎట్లా? ఆమెకు సరే, రేపు ఆమె పిల్లలకు నా మాట ఎవరు చెబుతారు? ఆయన బతికుండగా ఒక్క సీడీ కూడా వేయలేదు, రేడియోలో పాడలేదు. ఆయన పాడారనడానికి లోకంలో ఉన్న ఆధారం ఆ ఫైళ్ళూ, ఆ క్యాసెట్లే.

ఆ రాత్రే హార్డ్‌డిస్కు తెప్పించుకోవడానికి బస్సు పార్సిలు పెట్టించాను.

బాగు చేసిన తీరు క్లుప్తంగా చెబుతాను, ఇంజినీర్లు కానివాళ్ళు ఒక నిమిషం ఓర్చుకోండి. ప్లేయరు మార్చింది చీటీని. పాటను ముట్టుకోలేదు. చీటీ పెద్దదై మొదట్లో చోటు చాలకపోతే ఫైలంతా తిరగరాస్తుంది గానీ, అప్పుడు కూడా పాట భాగం అక్షరం పొల్లు పోకుండా అలాగే ఉంటుంది. ఆ పాట భాగానికి మాత్రమే ఎండీ5 అనే లెక్క కడితే 32 అక్షరాల వేలిముద్ర లాంటిది వస్తుంది. పేరు ఎన్నిసార్లు మారినా ఆ వేలిముద్ర మారదు. అమెరికాలో ఉన్న మన సీనియర్ అక్క ఒకరికి ఈ గొడవకు ముందే దాదాపు మూడింట రెండు వంతుల ఫైళ్ళు పంపి ఉన్నారు. ఆమె వాటిని ఏ ప్లేయరుకూ ఇంపోర్ట్ చేయకుండా, జిప్ కూడా విప్పకుండా అట్టిపెట్టారు. బద్ధకం అని ఆమే నవ్వారు. ఆ బద్ధకానికి ఈ వేదిక మీద దండ వేయాలి. ఆమె దగ్గరి ఫైళ్ళకూ మన దగ్గర పాడైనవాటికీ వేలిముద్రలు పోల్చి, సరిపోయిన ప్రతిదానికీ పాత చీటీ తిరిగి అంటించాం. ప్రోగ్రాం రాయడానికి ఒక సాయంత్రం, నడవడానికి పది నిమిషాలు.

మిగిలిన మూడో వంతు చెవులతోనే చేయాల్సి వచ్చింది. ఇక్కడ మనల్ని కాపాడింది అయ్యవారే.

ఆయన రికార్డు చేసే ముందు, కడప రేడియోలో అనౌన్సర్లు చెప్పినట్టు, మైకు దగ్గర నోరు పెట్టి వివరాలు చెప్పేవారు. బడి పేరు, తేదీ, పాడే పిల్ల పేరు, తరగతి, కీర్తన, రేకు రాగం, ఇప్పుడు పాడబోయే రాగం, వరుస ఎవరిది, పక్కన హార్మోనియం ఎవరు. మేము వెనకాల నవ్వుకునేవాళ్ళం, అది కూడా రెండు మూడు టేపుల్లో వినబడుతుంది. ఫోన్లో వినేటప్పుడు ఈ పది సెకన్లు అడ్డమని కమిటీ ఎమ్పీ3ల్లో వాటిని కత్తిరించింది. అదృష్టం కొద్దీ, క్యాసెట్ల నుంచి మొదట ఎక్కించిన వేవ్ ఫైళ్ళు వేరే డిస్కులో, సంఖ్యలతో, కత్తెర పడకుండా ఉన్నాయి. చీటీని మార్చడం ఏ ప్లేయరుకైనా తెలుసు. పాట లోపల మనిషి గొంతుతో చెప్పిన చీటీని మార్చడం మాత్రం దానికి చేతకాలేదు. నలుగురం నాలుగు ఆదివారాలు కూర్చుని ఆ వేవ్ ఫైళ్ళు వింటూ, ఆయన చెప్పింది చెప్పినట్టు రాసుకున్నాం. తమాషా ఏమిటంటే, క్యాసెట్టు అట్ట మీద లేనివి కూడా కొన్ని దొరికాయి. ఒక చోట ఆయన ప్రకటన మధ్యలో ఆగి, “ఈ వరుస నాది, బాగా లేకపోతే నన్ను తిట్టండి” అంటారు. ఆ కీర్తనకు వరుస కట్టింది ఆయనేనని మాకెవరికీ తెలియదు. వాళ్ళింట్లో కూడా తెలియదట.

ఇప్పుడు కొత్త ఏర్పాటు చెబుతాను. అసలు ఫైళ్ళను ఫ్లాక్ రూపంలోకి మార్చాం. నాణ్యత తగ్గదు. పైగా పాట భాగం వేలిముద్ర ఫైలు లోపలే ఉంటుంది కాబట్టి ఎప్పుడైనా సరిచూసుకోవచ్చు. అవి మూడు చోట్ల ఉన్నాయి, ఎక్కడా ప్లేయరుకు అందవు. వినడానికి ఇచ్చేవి నకళ్ళు మాత్రమే. అవి పాడైతే పాడవనివ్వండి, మళ్ళీ ఇస్తాం. కత్తిరించిన ప్రకటనలను వాటిలో తిరిగి కలిపేశాం. ఎవరికైనా చిరాకనిపిస్తే పది సెకన్లు ఓర్చుకోవాలి, ఈ విషయంలో కమిటీ నా మాట విన్నది. వివరాలన్నీ ఉన్న పట్టిక విడిగా ఒక ఫైలుగా ఉంది, కాగితం మీద అచ్చుతీసి బైండు చేసిన రిజిస్టరు ఆఫీసు గదిలో ఉంది.

మీ ఇళ్ళల్లో చేసుకోవాల్సింది కూడా ఇంతే. ప్లేయరు తెరిచే ముందు దాని సెట్టింగులు చూడండి. విండోస్ మీడియా ప్లేయరు వంటి వాటిలో, లేని వివరాలు మాత్రమే చేర్చాలా, ఉన్నవన్నీ తీసేసి కొత్తవి రాయాలా అని రెండు దారులు ఉండేవి. ఐట్యూన్స్‌లో ఫైళ్ళకు నకలు తీసుకుని దాన్నే తన లైబ్రరీలో పెట్టుకునే ఎంపిక ఉంది. పేర్లు ఎక్కడ ఉన్నా పని ఒకటే. ఇంటర్నెట్ నుంచి వివరాలు తెచ్చేదాన్ని ఆపండి, ఫైళ్ళ పేర్లు మార్చేదాన్ని ఆపండి. ఇంకా నమ్మకం లేకపోతే ఇంపోర్ట్ చేసేటప్పుడు నెట్ తీసేయండి. అవ్వ పాడిన మంగళహారతి అయితే అసలుది ముట్టుకోకుండా నకలు తీసి, ఆ నకలుతో ఆడుకోండి.

ఇక మిగిలింది తొమ్మిది ముక్కలు. వాటిలో టేపు మధ్యలో మొదలవుతుంది, ప్రకటన లేదు. అట్టలు చెదలు తినేశాయి. ఒకటి ఆడపిల్ల గొంతు, ఎనిమిదో తొమ్మిదో తరగతి అయి ఉండాలి. చరణంలో ఒకచోట తడబడి, “సార్, మళ్ళీ పాడతా” అంటుంది. ఒకటి ఇద్దరు మగపిల్లలు చదివిన పద్యాలు. ఒకదానిలో పాట వెనకాల వాన పెద్దగా పడుతోంది, రేకుల షెడ్డు చప్పుడు, కాబట్టి కొత్త హాలు కట్టకముందుదే. భోజనాల తర్వాత కంప్యూటర్ గదిలో ఈ తొమ్మిదీ వినిపిస్తాం. గుర్తుపట్టినవాళ్ళు రిజిస్టరులో మీ చేత్తోనే రాయండి, కింద సంతకం పెట్టండి. అనుమానం ఉంటే అనుమానమనే రాయండి. అయ్యవారి కూతురు అక్కడే ఉంటుంది, ఆకుపచ్చ సిరా పెన్ను ఆమె తెచ్చింది.

సెలవు.